మా వీధిలో ఉంటారు

చిన్నోడికి నలభై దగ్గరపడుతున్నాయి. కణతల మీద తెల్లవెంట్రుకలు వచ్చాయి, పేపరు చదవాలంటే కళ్ళజోడు కావాలి. అయినా వాడు చిన్నోడే. వాళ్ళక్క అలా పిలవడం మొదలుపెట్టింది, బావ అందుకున్నాడు, ఇప్పుడు అక్క పిల్లలు కూడా చిన్నోడు మామ అంటున్నారు. మనమూ అలాగే అనుకుందాం. వాడు చేసిన పని విన్నాక ఇంకేదైనా పేరు పెట్టాలనిపిస్తే మీ ఇష్టం, నేను అడ్డం రాను.

వాడిది లిఫ్టులు బాగుచేసే పని. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని ఏదో ఒక మేడ మీది మెషీను గదిలోకి ఎక్కుతాడు, లేదంటే లిఫ్టు గుంతలోకి దిగుతాడు. మనం లిఫ్టులో నిలబడి అద్దం చూసుకుని తల దువ్వుకుంటాం గానీ, దాని అడుగున ఎంత గ్రీజు ఉంటుందో, ఎంత చెత్త ఉంటుందో, ఎంతమంది పారేసుకున్న తాళంచెవులు ఉంటాయో మనకేం తెలుసు. బ్రేకు సరిచేయడంలో వాడిది అందె వేసిన చెయ్యి. వాడు చెయ్యి పెట్టిన లిఫ్టు అంతస్తు దగ్గర ఆగితే, ఆగిన సంగతి కాళ్ళకు తెలియదు.

శుక్రవారం సాయంత్రం వచ్చిందంటే మాత్రం వాడి అవతారం మారిపోతుంది. కిరోసిన్ గుడ్డతో చేతులు తుడుచుకుంటాడు, సబ్బు పెట్టి రుద్దుకుంటాడు, గోళ్ళ సందుల్లో నలుపు పోయేదాకా పాత టూత్‌బ్రష్షుతో తోముకుంటాడు. అప్పుడు మెట్లు దిగి కింది వాటాలో ఉన్న అక్క ఇంట్లోకి వెళ్తాడు. అక్కడ కుర్చీ వీపుకి వాడి తెల్లచొక్కా వేలాడుతూ ఉంటుంది, ఇంకా వెచ్చగా. అక్క పనిచేసేది ఆసుపత్రి లాండ్రీలో. రోజంతా దుప్పట్లూ దిండు గలీబులూ డాక్టర్ల కోట్లూ ఇస్త్రీ చేసి ఇంటికొచ్చి, కాళ్ళు పీకుతున్నా మళ్ళీ నిలబడి తమ్ముడి చొక్కా చేస్తుంది. బస్సులో వీపు ఆనించకు, నలిగిపోతుంది అని వెనకనుంచి ఓ కేక కూడా వేస్తుంది. లాండ్రీ మెషీన్ల హోరులో అరిచి అరిచి ఆవిడ మామూలుగా మాట్లాడినా కేకలాగే ఉంటుంది.

ఆ చొక్కా వేసుకుని వాడు సాల్సా డాన్సుకి వెళ్తాడు.

నవ్వకండి. దాని కథ ఏమిటంటే, ఒక పాత మేడ మీద మెషీను గదిలో నూనె వేస్తుంటే నేల అదురుతున్నట్టనిపించింది. మోటారేమోనని చెవి పెట్టి విన్నాడు. మోటారు ఆపాడు. అదురు ఆగలేదు. ఇదేం గొడవరా బాబూ అని ఒక్కో మెట్టూ దిగి చూస్తే, ఆ గది కిందే, చివరి అంతస్తులో ఒక హాలు. తలుపుకున్న గాజు పలకలోంచి చూశాడు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ జంటలు జంటలుగా చేతులు పట్టుకుని తిరుగుతున్నారు. పాట అయిపోగానే జంటలు మారిపోతున్నాయి. ఒకరు చెయ్యి చాపుతారు, ఇంకొకరు అందుకుంటారు, అంతే. నువ్వెవరు, ఏం చేస్తావు, మీ నాన్నెవరు అని అడిగేవాళ్ళు లేరు. వాడు నూనె డబ్బా పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో వాడికే తెలియదు.

ఆ సంగతి అక్కకి చెబితే, వెళ్ళి నేర్చుకోరా అంది. ఈ వయసులో గంతులేస్తే జనం ఏమనుకుంటారని వాడు నసిగాడు. ఆదివారాలు గోడకేసి చూస్తూ కూర్చుంటే మాత్రం ఏమంత గొప్పగా అనుకుంటున్నారు అంది ఆవిడ. అమ్మ పోయినప్పుడు వీడు నిక్కర్లు వేసుకునే పిల్లాడు. పెంచింది అక్కే. సెలవు రోజుల్లో ఇంట్లో ఒంటరిగా వదల్లేక తనతో లాండ్రీకి తీసుకెళ్ళి, దుప్పట్లు మడతపెట్టేటప్పుడు రెండో కొస వీడి చేతికిచ్చేది. పెళ్ళి సంబంధాలు చూసింది, ఏదీ కుదరలేదు. ఇక వీడి మొహంలో నవ్వు చూడాలని ఆవిడకి ఎంత ఆశ ఉండేదో నేను వేరే చెప్పక్కర్లేదు.

వాడు నేర్చుకున్నాడు. మొదట్లో చెక్కమనిషిలా ఉన్నా, రెండేళ్ళు తిరిగేసరికి ఆ హాల్లో వాడికో పేరొచ్చింది. సాల్సాలో ఒకరు నడిపిస్తారు, ఒకరు నడుస్తారు. నడిపించేవాళ్ళు కొందరు పిండి పిసికినట్టు పిసికేస్తారు, కొందరు బస్సు ఎక్కించినట్టు తోసేస్తారు. చిన్నోడి చెయ్యి అలా కాదు. ఎటు తిరగాలో అవతలి మనిషికి తనకే తోచినట్టుంటుంది. ఇంత మెత్తని చెయ్యి ఎక్కడ నేర్చుకున్నారని ఆడవాళ్ళు అడిగేవాళ్ళు. ఏమో, అలా వచ్చేసింది అనేవాడు. ఆ జవాబు గుర్తుపెట్టుకోండి.

అడిగినవాళ్ళలో ఒక పళ్ళ డాక్టరమ్మ ఉంది. ఆ హాల్లో అందరికన్నా బాగా చేసేది ఆవిడే. ఒకరోజు ఏం చేస్తుంటారని అడిగితే వీడు లిఫ్టుల కంపెనీ అన్నాడు. ఓహో, ఇంజనీరన్నమాట అందావిడ. కాదని తల అడ్డంగా ఊపితే సరిపోయేది. వీడు నవ్వాడు. అంతే, ఆ రోజు నుంచీ హాలంతటికీ ఇంజనీరు గారయ్యాడు. ఓ శుక్రవారం అందరూ కలిసి లిఫ్టులో పైకి వెళ్తుంటే డాక్టరమ్మ, ఈ లిఫ్టు ఎంత మెత్తగా ఆగుతుందో చూశారా, ఎవరో మంచి పనివాడు చూసుకుంటున్నట్టున్నాడు అంది. ఆ పనివాడు పక్కనే నిలబడి లిఫ్టు కప్పు కేసి చూస్తున్నాడు. తనకి దక్కిన మెప్పు కూడా తను తీసుకోలేకపోయాడు. అబద్ధం ఎలాంటి బతుకు చేస్తుందో చూడండి.

ఇక అక్క సంగతి. శుక్రవారం వీడు కూనిరాగాలు తీసుకుంటూ మెట్లెక్కడం ఆవిడ వినేది. ఒకసారి నన్నూ తీసుకెళ్ళరా, ఓ మూల కూర్చుని చూస్తాను అని అడిగింది. జనం ఎక్కువక్కా, పాటల గోలక్కా, నీకు విసుగొస్తుందక్కా అని వాయిదా వేస్తూ పోయాడు. ఆవిడ అమాయకురాలు. డాన్సు వస్తేనే రానిస్తారు కాబోలు, వాడు పాపం ఆ మాట నాతో అనలేకపోతున్నాడు అనుకుంది. అనుకుని ఊరుకునే రకమైతే ఈ కథే లేదు. ఆ హాల్లో డాన్సు నేర్పే మాస్టారే ఆదివారాలు ఊరికి ఆ కొసన ఒక బడిలో కొత్తవాళ్ళకి నేర్పుతారని కనుక్కుని వెళ్ళి చేరిపోయింది. తమ్ముడికి మాత్రం ఆదివారం కూడా డ్యూటీ వేస్తున్నారని చెప్పింది.

ఇంట్లో బావతో సాధన చేసేది. బావ బేకరీలో పొయ్యి దగ్గర మనిషి, మంచివాడే గానీ కదలమంటే బీరువా జరిగినట్టు జరుగుతాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. మామకి చెప్పకూడదని వాళ్ళ చేత ఒట్టు వేయించింది. క్లాసులో ఒకావిడ దగ్గర పాత డాన్సు బూట్లు తీసుకుంది. అవి ఒక సైజు పెద్దవి. ఆసుపత్రి నుంచి దూది తెచ్చి ముందు భాగంలో కూరింది.

ఆ క్లాసులోనే మాస్టారు ఒక పద్ధతి చెప్పారు. ఎవరి పుట్టినరోజైనా వచ్చిందంటే హాల్లో అందరూ గుండ్రంగా నిలబడతారు. పుట్టినరోజు మనిషి మధ్యలో ఉంటారు. ఆ మనిషికి అందరికన్నా దగ్గరివాళ్ళు వచ్చి డాన్సు మొదలుపెడతారు. తర్వాత ఒక్కొక్కరే లోపలికొచ్చి చెయ్యి అందుకుంటూ ఉంటారు, పాట అయ్యేదాకా. అక్క అది విన్నది. తనకి యాభై నిండే రోజు శుక్రవారం పడుతుందని చూసుకుంది. మాస్టారుతో, మా తమ్ముడు మీ హాల్లోనే చేస్తాడండీ, వాడే మొదలుపెడతాడు అని చెప్పింది. ఎవరని ఆయన ఎంత అడిగినా చెప్పలేదు. ఆ రోజు వాడే ముందుకొస్తాడు, చూడండి అంది. ఆవిడకి కావలసింది అంతే. అందరి మధ్యా తమ్ముడు ముందుకు రావాలి, ఒక్క పాట తనతో వేయాలి.

ఆ శుక్రవారం పొద్దున చిన్నోడు అక్కకి శుభాకాంక్షలు చెప్పాడు. సాయంత్రం త్వరగా వచ్చేస్తాను, కేకు కోద్దాం అన్నాడు. ఈ ఒక్కరోజుకీ డాన్సు మానుకుందామన్న ఆలోచన మాత్రం రాలేదు మహానుభావుడికి. ఆవిడ చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది, నవ్వు ఆపుకుంటూ. వీడు వీధి మలుపు తిరగగానే తనూ తయారై తర్వాతి బస్సు ఎక్కింది.

హాల్లో అప్పటికి పాటలు మొదలయ్యాయి. కిటికీల్లో ఇంకా పగటి వెలుతురు ఉంది. గోడ వెంబడి ప్లాస్టిక్ కుర్చీలు, ఓ మూల కూల్‌డ్రింకులు అమ్మే చిన్న కౌంటరు, కాళ్ళు తేలిగ్గా తిరగడానికి చెక్క నేల మీద చల్లిన పౌడరు. చిన్నోడు అప్పుడే ఓ పాట ముగించి చెమట తుడుచుకుంటున్నాడు. తలుపు దగ్గర నీలం గౌను వేసుకున్న ఒక పెద్దావిడ చేతిసంచి రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. గౌను ఇంట్లో కుట్టుకున్నదని తెలిసిపోతోంది, భుజాల దగ్గర సరిగా కూర్చోలేదు. ఎవరబ్బా అనుకున్నాడు. ఆవిడ వాణ్ణి చూసి మొహమంతా నవ్వింది. వాడి పై ప్రాణం పైనే పోయింది.

గబగబా వెళ్ళి ఆవిణ్ణి గోడ వారకి, కుర్చీల వైపు తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళాడనే కంటే జనం కంట పడకుండా జరిపాడనాలి. ఎందుకొచ్చావని అడిగాడు, పళ్ళ మధ్యనుంచి. ఆవిడకి ఆ గొంతులో ఏముందో వినపడలేదు, పాట జోరుగా ఉంది. వంగి చెప్పులు విప్పి బూట్లు తొడుక్కుంది. సంచిలోంచి దూది ముక్క జారి పడితే తీసి మళ్ళీ కూరుకుంది. ఆదివారం డ్యూటీ మాట అబద్ధమనీ, తను నేర్చుకున్నాననీ తన మామూలు గొంతుతో చెప్పింది. పక్క కుర్చీల్లో వాళ్ళు తిరిగి చూశారు. లేచి నిలబడి, క్లాసులో నేర్పినట్టే అరచెయ్యి పైకి చాపింది.

"ఒక్క పాట వేద్దాం రారా."

ఆ చెయ్యి ఎలాంటిదో చెప్పాలి. వేడి దుప్పట్లు పట్టుకుని పట్టుకుని అరచేతి చర్మం తోలులా అయింది, వేళ్ళ కణుపుల దగ్గర పగుళ్ళు. బొటనవేలి కింద పాత కాలిన మచ్చ. చిన్నోడు ఆ చెయ్యి చూశాడు. దాని అవతల హాలు చూశాడు. డాక్టరమ్మ ఇటే చూస్తోంది. అక్క నోరు తెరిస్తే లాండ్రీ వస్తుంది, లాండ్రీ వెనకాల గ్రీజు సంచి వస్తుంది, ఇంజనీరు గారు గంగలో కలుస్తాడు. ఇదంతా వాడి బుర్రలో ఎంతసేపట్లో తిరిగిందో గానీ, తిరిగింది. ఇలాంటి లెక్కలు మనిషి చాలా త్వరగా వేస్తాడు.

"మోకాలు పట్టేసిందక్కా," అన్నాడు. "ఈ పాటకి కూర్చుంటాను."

ఆ హాల్లో ఒక నియమం ఉంది. ఎవరైనా అడిగితే కాదనవచ్చు, తప్పు లేదు. కానీ కాదన్నవాళ్ళు ఆ పాట అయ్యేదాకా కూర్చోవాలి. ఒకరిని కాదని అదే పాటకి ఇంకొకరితో లేవడమంటే మొదటి మనిషిని చెంప మీద కొట్టినట్టే. కొత్తవాళ్ళకి మొదటి రోజే చెప్పే మాట ఇది. అక్కకీ చెప్పారు.

అక్క కంగారుపడింది. ఏ కాలని అడిగింది. ఎడమది అన్నాడు. కూర్చోపెట్టి, కదలకు అని చెప్పి, కౌంటరు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళింది ఐసు అడగడానికి.

ఆవిడ అటు వెళ్ళగానే డాక్టరమ్మ ఇటు వచ్చింది. కొత్తగా వచ్చినావిడ ఎవరని అడిగింది. తప్పేం లేదు, ఊరికే అడిగింది. చిన్నోడు చొక్కా చేతులు సర్దుకున్నాడు.

"మా వీధిలో ఉంటారు," అన్నాడు.

ఉంటారు. చూడండి, ఆ గౌరవం చూడండి. అబద్ధం కూడా కాదు, నిజంగానే వాళ్ళ వీధిలోనే ఉంటుంది, వాడు తినే అన్నం వండే ఇంట్లో ఉంటుంది. డాక్టరమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ఇది నాకిష్టమైన పాట, లేవండి అని చెయ్యి చాపింది. వాడు మోకాలి సంగతి మర్చిపోయాడు. మర్చిపోయాడని నేను అంటున్నాను, వాణ్ణడిగితే మర్చిపోలేదనే చెబుతాడు. మోకాలూ గుర్తుంది, నియమమూ గుర్తుంది, అక్కా గుర్తుంది. లేచాడు.

పాట సగంలో డాక్టరమ్మని ఒక చుట్టు తిప్పి తల ఎత్తాడు. కుర్చీల దగ్గర అక్క నిలబడి ఉంది. చేతిరుమాల్లో ఐసు మూటకట్టి రెండు చేతులతో పట్టుకుంది. వాడు కూర్చున్న కుర్చీ కేసి చూసింది, తర్వాత వాడి కేసి చూసింది. రుమాల్లోంచి నీళ్ళు కారి ఆవిడ గౌను మీద పడుతున్నాయి. చిన్నోడికి తల కొట్టేసినట్టయింది. చేతులు మాత్రం డాన్సు ఆపలేదు. ఆ మధ్యలో వదిలేసి వచ్చినా బాగుండేది. పాట చివరిదాకా చేశాడు.

పాట అయ్యాక ఎటూ పోలేక అటే వచ్చాడు. పక్కనే డాక్టరమ్మ. ఆవిడ మంచి మనిషి, కొత్తవాళ్ళని పలకరించే అలవాటు. ఇంజనీరు గారి వీధిలోనే ఉంటారటగా మీరు, ఆయనతో ఒక పాట చేయండి, చెయ్యి ఎంత మెత్తనో అంది.

అక్క తమ్ముడి మొహం కేసి చూసింది. ఇంజనీరు గారు అన్న మాట ఆవిడ లోపలికి వెళ్ళడం వాడికి కనిపించింది. దాని వెనకే వీధి అన్న మాట కూడా వెళ్ళడం కనిపించింది. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు తిడుతుంది అనుకున్నాడు. తిడితే బతికిపోదును అనుకున్నాడు కూడా.

"అవునండీ," అంది అక్క. "మా వీధే."

అంత చిన్నగా మాట్లాడటం ఆవిడకి వచ్చని వాడికి తెలియదు.

ఆ ఐసు మూట ఏం చేయాలో తెలియక ఆవిడ కుర్చీ మీద పెట్టబోయి, కుర్చీ తడుస్తుందని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాతి పాట ఇంకా మొదలవలేదు. మాస్టారు హాలు మధ్యకొచ్చి చప్పట్లు కొట్టారు. ఈ రోజు ఒక కొత్త విద్యార్థిని పుట్టినరోజు అన్నారు. ఐసు మూట కుర్చీ కింద పెట్టించి, అక్కని చెయ్యి పట్టి మధ్యకి తీసుకెళ్ళారు. అందరూ గుండ్రంగా నిలబడ్డారు, చిన్నోడు కూడా నిలబడ్డాడు, డాక్టరమ్మ పక్కన. ఈవిడ తమ్ముడు మనలోనే ఒకడట, ఎవరో ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా దాచింది, ఇప్పుడు ఆ తమ్ముడే వచ్చి మొదలుపెట్టాలి అని మాస్టారు గట్టిగా చెప్పారు. జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుకుంటున్నారు, ఎవరా తమ్ముడు అని.

అప్పుడు ఒక్క అడుగు వేస్తే చాలు. అక్కడికీ ఇక్కడికీ మధ్య ఏముంది, పౌడరు చల్లిన నేల. ఇప్పుడు వెళ్తే వీధిలో ఉంటారన్న మాట ఏమవుతుంది, డాక్టరమ్మ ఏమనుకుంటుంది అని లోపల ఒక పిరికివెధవ ఇంకా లెక్కలు వేస్తూనే ఉన్నాడు. అక్క వాడి వైపు చూడలేదు. చూసి ఉంటే వెళ్ళేవాణ్ణి అని వాడు తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. చూడకపోవడం కూడా వాడి కోసమేనని తెలియడానికి కొంత కాలం పట్టింది.

"వాడు రాలేదండీ," అంది అక్క మాస్టారుతో. "పనిలో ఇరుక్కుపోయాడు పాపం."

పాపం అంది.

అయ్యో అన్నారు మాస్టారు. పోనీలెండి, మొదటిది నేను వేస్తానని ఆయనే చెయ్యి చాపారు. పాట మొదలైంది. అక్క భయపడుతూనే మొదలుపెట్టింది గానీ రెండు మూడు చుట్లు తిరిగేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు. దూది కూరిన బూట్లతో, భుజాలు సరిగా కూర్చోని గౌనుతో, ఆవిడ తేలిగ్గా తిరుగుతోంది. ఒకరి తర్వాత ఒకరు లోపలికెళ్ళి చెయ్యి అందుకుంటున్నారు. వెళ్ళకపోతే బాగుండదని, వెళ్ళకుండా ఉండలేక, చిన్నోడు కూడా వెళ్ళాడు. తమ్ముడిగా కాదు, వరసలో ఒకడిగా.

ఆవిడ చెయ్యి వాడి చేతిలోకి వచ్చింది. ఐసు పట్టుకున్న చెయ్యి, ఇంకా చల్లగా ఉంది. వాడు కొంచెం నొక్కాడు, ఆవిడ తిరిగింది. కొంచెం వదిలాడు, ఆగింది. ముందే తొందరపడదు, వెనకబడదు. చేతిలో ఉన్న బిగువు వింటోంది. ఆ వినడం వాడికి తెలుసు. లాండ్రీలో పెద్ద దుప్పటి మడతపెట్టేటప్పుడు అక్క అవతలి కొసనుండి అదే చెప్పేది: లాగకురా, గుడ్డని విను, నేను ఎటు వెళ్తున్నానో అదే చెబుతుంది. ఎదురెదురుగా నిలబడి, దగ్గరికొచ్చి కొసలు అందించి, మళ్ళీ వెనక్కి వెళ్ళి. సెలవులన్నీ ఆ పనే. ఏమో, అలా వచ్చేసింది అని అందరికీ చెప్పుకుంటూ తిరిగిన మెత్తని చెయ్యి ఎక్కడిదో అప్పుడు తెలిసింది వాడికి. ఎంత సిగ్గేసిందంటే, ఆ నేల కింద తన లిఫ్టు గుంత ఉంటే అందులోకి దూకేసేవాడు.

"అక్కా," అన్నాడు మెల్లగా.

ఆవిడ చుట్టూ ఉన్నవాళ్ళ కేసి నవ్వుతూనే ఉంది. "మాట్లాడకండి, తాళం తప్పుతుంది," అంది.

వాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ నోట వాడికి ఒరేయ్ తప్ప ఇంకో పిలుపు లేదు. కోపమొచ్చినా ఒరేయే, జ్వరమొచ్చినప్పుడు నుదురు తడిమినా ఒరేయే. ఇంకేదో చెప్పబోయాడు గానీ వెనకనుంచి ఎవరో వచ్చి చెయ్యి చాపారు, ఆవిడ చెయ్యి మార్చుకుంది. మారేటప్పుడు, క్లాసులో నేర్పినట్టే, వాడికి కొద్దిగా తల వంచింది.

"థాంక్సండీ," అంది.

పాట అయిపోయాక అక్క మాస్టారుకి చెప్పి, బూట్లు విప్పి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. లిఫ్టు ఎక్కలేదు, మెట్లు దిగింది. చిన్నోడు వెనకే దిగాడు, ఎవరికీ చెప్పకుండా. బస్‌స్టాపులో ఆవిడ బెంచీ మీద కూర్చుని రుమాలు పిండుతోంది. పక్కన నిలబడ్డాడు. కూర్చోవడానికి మొహం చెల్లలేదు.

"మోకాలెలా ఉందిరా?" అని అడిగింది.

రా వచ్చింది. వాడికి ఏడుపొచ్చింది. నొప్పేం లేదక్కా, మొదట్నుంచీ లేదు అన్నాడు. సరే అంది. రుమాలు దులిపి నాలుగు మడతలు వేసింది, అంచులకి అంచులు సరిగ్గా కలిపి, చేసే పని అలవాటు కొద్దీ. బావ కేకు చేసుకుని తెచ్చి ఉంటాడు, ఎదురుచూస్తుంటారు అంది. వాడు ఇంట్లో ఏం చెబుతావని అడిగాడు. అడగడానికి ఎంత ధైర్యం తెచ్చుకున్నాడో ఆ ధైర్యంలో సగం హాల్లో ఉంటే సరిపోయేది. ఆవిడ మడతపెట్టిన రుమాలు సంచిలో పెట్టుకుంది.

"ఇద్దరం వేశామని చెబుతాను. అబద్ధం కాదుగా. వేశాం."

బస్సు వచ్చింది. ముందు ఆవిడ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. వీడు పక్క సీటు దగ్గర నిలబడి ఉండగా కండక్టరు వచ్చాడు, ఎక్కడికని కూడా అడగలేదు, ఊరికే చెయ్యి చాపాడు. చిన్నోడు గొంతు సవరించుకున్నాడు. హాల్లో రాని గొంతు అక్కడ వచ్చింది.

"రెండు టికెట్లు. ఒకటి నాకు, ఒకటి మా అక్కకి. ఈవిడ మా అక్క."

ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. కండక్టరు వాడి మొహం కేసి ఒకసారి చూసి, రెండు టికెట్లు చింపి ఇచ్చి ముందుకు వెళ్ళిపోయాడు. అక్క సీటు మీదున్న బూట్ల సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, వాడు కూర్చోవడానికి. కిటికీ బయటికే చూస్తోంది.

"మెల్లగా చెప్పరా," అంది. "ఇక్కడెవరూ అడగలేదు."